కంప్యూటరు పథకముల నిర్వహణలో పంచాయతీ సభ్యుల పాత్ర

(అద్దంకిలో పరిసర గ్రామ పంచాయతీల సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మిరప, పత్తి పండించు ఈ నేలలో ఒక పూట పని మానుట యనగా ఎంత నష్టమో మేమెరుగుదుము. కనుక మీ ఊరికి తిరిగి వెళ్ళిన మరునాడే ఉపయోగపడు మాటలు మాత్రమే చెప్పుటకు ప్రయత్నింతుము.

అద్దంకి పేరు చెప్పగానే తెలుగువారికి పండరంగని శాసనము జ్ఞప్తికి వచ్చును. అది క్రీ.శ. 848 ప్రాంతము నాటిదని పండితులు చెప్పుదురు. తెలుగు పద్యము కనిపించు తొలి శాసనములలో అది ముఖ్యమైనది. కాని పంచాయతీ సభ్యుని కన్నుతో చూచినచో అది ఒక భూదానపు దస్తావేజు. దాత ఎవరు, గ్రహీత ఎవరు, ఇచ్చిన భూమి ఎంత అను సంగతులు అందు కలవు. రాతిపై చెక్కిన అక్షరమును దిద్దుట కష్టము గనుక చెక్కించుటకు ముందే పెద్దలు ఆలోచించుకొనెడివారు. నేడు మన గ్రామముల లెక్కలను కంప్యూటరులో వ్రాయుచున్నాము. అచట అక్షరము మార్చుట క్షణకాలపు పని. మార్చుట ఎంత సులభమో పొరపాటు పడుటయు అంతే సులభము. అందుచేత ముందుగా ఆలోచించుకొను ఆ పాత అలవాటు నేడు మనకు మరింత అవసరమైయున్నది.

మనకేమి సంబంధము?

"కంప్యూటరు పని చదువుకొన్న ఉద్యోగులది, మాకేమి సంబంధము?" అని కొందరు సభ్యులు అడుగుచుందురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానము చెప్పి ముందుకు పోవుదము.

2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. వానిలో కంప్యూటరు పనికే ప్రత్యేకముగా డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగిని నియమించిరి. 2020 ఏప్రిల్ 24వ తేదీన, పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును దేశమందలి పంచాయతీలకెల్ల తెచ్చినది. అంతకుముందు వేరువేరుగా నుండిన ప్రణాళికలు, జమాఖర్చులు, ఆస్తుల పట్టికలు అందులో ఒకచోట చేరినవి. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము పంచాయతీలకు నిధులు సిఫారసు చేసినపుడు, లెక్కలను, ఆడిట్ నివేదికలను ఆన్‌లైన్‌లో ప్రజలకు కనబడునట్లు ఉంచవలెనని నియమము పెట్టినది. అనగా కంప్యూటరులో లెక్క సరిగా లేనిచో ఊరికి రావలసిన నిధి ఆగిపోవు కాలము వచ్చినది. ఇక ఇది ఉద్యోగుల పని మాత్రమే యని చెప్పుటకు వీలులేదు.

పొలమునకు కాలువ త్రవ్వునపుడు వాలును కొలిచి గీత గీయువాడు ఇంజనీరు. కాని నీరు ఏ చేనికి అందుట లేదో, ఏ గట్టు ఏటేట తెగుచున్నదో చెప్పగలవాడు రైతు. రైతు నడుగక గీసిన గీత కాగితముపై అందముగా నుండును గాని చేనికి నీరు పారించదు. కంప్యూటరు పథకమునందు పంచాయతీ సభ్యుని స్థానము ఆ రైతు స్థానము వంటిది.

పథకమనగా ఏమి?

దినదినము జరుగు పని వేరు, పథకము వేరు. పన్ను వసూలు చేయుట నిత్యకృత్యము. పన్ను లెక్కలను పాత రిజిస్టరు నుండి కంప్యూటరునకు మార్చుట పథకము. దానికి ఒక ఆరంభము, ఒక ముగింపు, ఒక ఖర్చు, ఒక ప్రయోజనము ఉండవలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తేలకున్నను ఆ పని ఎన్నటికిని పూర్తికాదు.

కంప్యూటరు పథకములు చెడిపోవుట మన గ్రామములలో మాత్రమే జరుగు విషయము కాదు. అమెరికాలో స్టాండిష్ గ్రూపు అను సంస్థ 1994లో విచారణ జరిపి, సాఫ్టువేరు పథకములలో అనుకొన్న కాలమునకు, అనుకొన్న ఖర్చులో పూర్తియైనవి నూటికి 16 మాత్రమేయనియు, 31 నడుమనే రద్దయినవనియు, తక్కినవి ఆలస్యముగనో అధిక వ్యయముతోనో కోరిన సౌకర్యములు తగ్గించుకొనియో ముగిసినవనియు తెలిపినది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలన్నిటికి ఒకే కంప్యూటరు ఏర్పాటు చేయవలెనని 2002లో గొప్ప పథకము ప్రారంభించిరి. దానిని వాడవలసిన వైద్యులను, నర్సులను చాలినంతగా సంప్రదింపలేదను విమర్శ మొదటినుండియు వచ్చినది. తుదకు 2011లో ఆ పథకమును విడదీసి ముగించుచున్నట్లు ప్రకటించిరి. అచట ధనమునకు కొరతలేదు, యంత్రములకు కొరతలేదు. ప్రయోజనము తేల్చుకొనుటలోను, వాడువారి మాట వినుటలోను లోపము కలిగినది.

మన రాష్ట్రపు అనుభవము

దూరదేశముల మాట అటుంచి మన రాష్ట్రపు అనుభవమే చూతము. భూమి కొన్నవారు, అమ్మినవారు సబ్-రిజిస్ట్రారు కార్యాలయమునకు వెళ్ళక తప్పదు గదా. పూర్వము అచట దస్తావేజును చేతివ్రాతతో పుస్తకములలోనికి ఎక్కించెడివారు. ఇ.సి. కావలెనన్నచో ఏండ్లకేండ్ల పుస్తకములు వెదకవలసివచ్చెడిది. ఇందుకు దినములు పట్టెడివి. ఈ స్థితిని మార్చుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "కార్డ్" అను పథకమును చేపట్టి, 1998 నవంబరు 4వ తేదీన 214 కార్యాలయములలో ప్రారంభించినది. దస్తావేజును స్కానింగు చేసి ఉంచుట, భూమి విలువను, స్టాంపు రుసుమును కంప్యూటరే లెక్కకట్టుట, ఇ.సి.ని నిమిషములలో ఇచ్చుట అందలి ముఖ్యాంశములు.

ఈ పథకమున రెండు సంగతులు మనము గమనింపదగినవి. మొదటిది: యంత్రములు కొనుటతో సరిపెట్టలేదు. 1983 నుండి జరిగిన క్రయవిక్రయముల సూచికలను కంప్యూటరులోనికి ఎక్కించిరి. ఇది ఎవరికిని కనబడని పని, పేరు రాని పని. కాని అది లేనిచో నిమిషములలో ఇ.సి. ఇచ్చుట అసాధ్యము. రెండవది: కార్యాలయములో యంత్రము చేరినంత మాత్రమున పాత అలవాట్లు తొలగలేదు. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో ఒక పరిశోధకుడు ఈ పథకమును విమర్శించుచు, దస్తావేజులు వ్రాయు మధ్యవర్తుల ప్రాబల్యము కొనసాగుచునే యున్నదనియు, చెప్పినంత మార్పు ప్రజల అనుభవమునకు రాలేదనియు వ్రాసినాడు. పథకము వలన వేగము వచ్చినదనుట నిజము. వేగము వచ్చిన ప్రతిచోట సామాన్యుని అవస్థ తీరలేదనుటయు నిజమే. పని జరుగు తీరును మార్చక యంత్రమును మాత్రమే పెట్టినచో పాత దారియే నడుచును.

పొరుగున కర్ణాటకములో "భూమి" అను పథకమున 67 లక్షల రైతులకు చెందిన సుమారు 2 కోట్ల భూమి పత్రములను కంప్యూటరునకు ఎక్కించి, 177 తాలూకా కేంద్రములలో 15 రూపాయల రుసుమునకు నకలు ఇచ్చు ఏర్పాటు చేసిరి. అచట చేసిన ఒక మంచి పని యేమనగా, కంప్యూటరు పత్రము సిద్ధమైన తాలూకాలో చేతివ్రాత పత్రమునకు చెల్లుబాటు లేదని నిర్ణయించిరి. పాతది, క్రొత్తది రెండును చిరకాలము నడచినచో ఏది నిజమో తెలియక తగాదాలు పెరుగును. అందుచే మార్పునకు ఒక తేదీ ఉండవలెను.

ఒక గ్రామమును ఊహించుకొందము

ఇక మన పనికి వత్తము. ఎనిమిది వందల ఇండ్లున్న ఒక గ్రామమును ఊహించుకొనుడు. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరును కంప్యూటరునకు మార్చవలెనని ఆ పంచాయతీ తలపెట్టినది. సాఫ్టువేరును ప్రభుత్వమే ఇచ్చినను, లెక్కలను శుద్ధిచేయవలసినది గ్రామమే. ఈ పనిని ఎట్లు నడపవలెను?

మొట్టమొదట ప్రయోజనమును ఒక్క వాక్యములో తీర్మానము పుస్తకమున వ్రాసికొనవలెను. "గ్రామమును కంప్యూటరీకరించుట" అను వాక్యము పనికిరాదు. అది పూర్తియైనదో లేదో ఎవరును చెప్పలేరు. "రాబోవు ఏప్రిల్ 1వ తేదీ నాటికి ప్రతి ఇంటికిని సరియైన పేరు, కొలత, బాకీతో డిమాండు నోటీసు అందవలెను, చెల్లించినవానికి అక్కడికక్కడ రసీదు రావలెను" అనునది ప్రయోజనము. ఏప్రిల్ 1వ తేదీన పది ఇండ్లు తిరిగి చూచిన ఏ సభ్యుడైనను పని జరిగినదో లేదో చెప్పగలడు.

రెండవది, బాధ్యుడు ఒక్కడుండవలెను. సర్పంచి, కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంటు, గుత్తేదారు అందరును బాధ్యులే యనినచో ఎవరును బాధ్యులు కారు. సాధారణముగా పంచాయతీ కార్యదర్శి తగినవాడు. అతడు బదిలీపై వెళ్ళినచో ఎవరికి అప్పగించవలెనో, ఏ కాగితములు అప్పగించవలెనో గూడ ముందే వ్రాసియుంచవలెను.

మూడవది, పని హద్దు. ఇంటిపన్ను పని మొదలిడిన పదునైదు దినములకు ఒకరు వచ్చి, "ఎటులును ఇల్లిల్లు తిరుగుచున్నారు గదా, కుళాయి లెక్కయు వ్రాయుడు" అందురు. మరియొకరు పశువుల లెక్క అడుగుదురు. అన్నియు మంచివే. కాని ఒక్కొక్కటి చేర్చినకొలది తేదీ వెనుకకు పోవును. క్రొత్త కోరిక వచ్చినపుడు దానిని వేరుగా ఒక పుస్తకములో వ్రాసికొని, దానివలన ఎన్ని దినములు, ఎంత సొమ్ము అధికమగునో తేల్చి, సమావేశములో తీర్మానించిన పిమ్మటనే చేర్చవలెను.

నాలుగవది, పాత లెక్కల శుద్ధి. ఇదియే అన్నిటికంటె కష్టమైన పని, అన్నిటికంటె విలువైన పని. పాత రిజిస్టరులో మరణించినవారి పేరులు ఉండును. అన్నదమ్ములు ఇల్లు పంచుకొని ఇరువది ఏండ్లు గడచినను లెక్కలో ఒకే ఇల్లుగా నుండును. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు నలుగురుందురు. తండ్రి పేరు వ్రాయనిచో ఎవరి బాకీ ఎవరి మీద పడునో తెలియదు. పూర్వము కరణములు ఈ చిక్కులను జ్ఞాపకములో నుంచుకొనెడివారు. 1984లో కరణములు, మునసబుల వ్యవస్థ రద్దయిన పిమ్మట ఆ జ్ఞాపకము కాగితములపై సగము, పెద్దల నోట సగము మిగిలినది. తప్పుడు లెక్కను కంప్యూటరులో ఎక్కించినచో అది ఒప్పు కాదు. చక్కని అచ్చులో వచ్చుటచేత నమ్మువారు మాత్రము ఎక్కువగుదురు.

ఒక మనిషి దినమునకు ఇరువది ఇండ్లు చూచి సరిచేయగలిగినచో ఎనిమిది వందల ఇండ్లకు నలువది దినములు. ఇద్దరైనచో ఇరువది దినములు. మిరపకోతల కాలములో పగటివేళ ఇండ్లకు తాళములుండును గనుక సాయంకాలములందు తిరుగవలెను. అపుడు దినములు మరికొన్ని పట్టును. ఇట్టి లెక్కను ముందుగా వేసికొని తేదీని నిర్ణయింపవలెను గాని, తేదీని ముందుగా ప్రకటించి పనిని దానిలో ఇరికించరాదు.

అయిదవది, ఒప్పందము. రోడ్డు పనిలో మెజర్మెంటు పుస్తకము చూడక బిల్లు చెల్లించుదుమా? ఇదియు అంతియే. శుద్ధి పూర్తియైన పిమ్మట ఇంత, ఒక వార్డు పరీక్ష ముగిసిన పిమ్మట ఇంత, గ్రామమంతయు నడిచిన పిమ్మట ఇంత అని మజిలీలు పెట్టి సొమ్ము చెల్లించవలెను. లెక్కలు పంచాయతీ సొత్తనియు, ఒప్పందము ముగిసిన దినమున పూర్తి నకలును, రహస్య పదములను పంచాయతీకి అప్పగింపవలెననియు స్పష్టముగా వ్రాయవలెను. ఈ ఒక్క వాక్యము మరచినచో, గుత్తేదారు వెళ్ళిపోయిననాడు మన ఊరి లెక్క మనకే అందకుండును.

ఆరవది, పరీక్ష. ఊరంతటికి ఒక్కమారు ప్రారంభింపక ఒక వార్డులో నడిపి చూడవలెను. అమెరికాలో ఆరోగ్య బీమా కొరకు ప్రభుత్వము ఏర్పరచిన ఇంటర్నెట్ కేంద్రము 2013 అక్టోబరు 1వ తేదీన చాలినంత పరీక్ష లేకయే తెరువబడెను. లక్షలమంది ఒక్కమారు రాగా అది కుంగిపోయి, మొదటినాడు నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు మాత్రమే. పిమ్మట దానిని బాగుచేసిరి గాని, ఆరంభపు అపఖ్యాతి చిరకాలము నిలిచినది. మనము ఒక వార్డులో పరీక్షించునపుడు, అన్నియు సరిగానున్న ఇండ్లను గాక చిక్కులున్న ఇండ్లను ఏరికోరి చూడవలెను. పంచుకొన్న ఇల్లు, వారసులు ఊరిలో లేని ఇల్లు, బాకీ విషయమై తగవున్న ఇల్లు - వీనిని సరిగా చూపగలిగిన లెక్క తక్కినవానిని తప్పక చూపగలదు.

ఏడవది, శిక్షణయు, తరువాతి సంరక్షణయు. ఒక ఉద్యోగికి మాత్రమే పని వచ్చినచో అతడు సెలవు పెట్టిననాడు గ్రామము సెలవు పెట్టినట్లే. ఇద్దరికైనను నేర్పవలెను. కరెంటు లేనపుడు, నెట్‌వర్కు అందనపుడు రసీదు ఎట్లు వ్రాయవలెనో, దానిని పిమ్మట కంప్యూటరులో ఎప్పుడు ఎక్కించవలెనో నిర్ణయించియుండవలెను. లెక్కల నకలు మరియొకచోట భద్రముగా నుండవలెను. ఆ నకలు తెరుచుకొనుచున్నదో లేదో మూడు నెలలకొకమారు చూడవలెను.

సంరక్షణ మాట వచ్చినది గనుక మన గుండ్లకమ్మ జలాశయమును తలంచుకొందము. 2022లో ఒకమారు, 2023లో మరియొకమారు దాని గేట్లు కొట్టుకొనిపోయి నీరు వృథాగా పోయిన సంగతి మీరెరుగుదురు. ఆ నీటిపై ఆశపెట్టుకొన్న రైతుల బాధయు మీరెరుగుదురు. కట్టడము పూర్తియైన దినముతో పని ముగియదనుటకు ఇంతకంటె మన కన్నుల యెదుట నిదర్శనమేల? పథకపు ఖర్చు వేయునపుడే తరువాతి ఏండ్ల సంరక్షణకు కావలసిన సొమ్మును గూడ వేసికొనవలెను.

ఆలస్యమైనపుడు ఏమి చేయవలెను?

ఎంత జాగ్రత్త పడినను కొన్ని పనులు ఆలస్యమగును. అట్టియెడ మరి నలుగురిని పనిలో దింపినచో తొందరగా తెమలునని తోచును. ఐ.బి.ఎం. సంస్థలో పెద్ద సాఫ్టువేరు పని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ అను ఆయన 1975లో వ్రాసిన పుస్తకమున దీనికి విరుద్ధముగా చెప్పియున్నాడు. వెనుకబడిన సాఫ్టువేరు పనికి మనుషులను చేర్చినచో అది ఇంకను వెనుకబడునని ఆయన అనుభవము. పత్తి తీయుటకు పదిమందికి బదులు ఇరువదిమంది వచ్చినచో పని సగము కాలములో ముగియును. కాని లెక్కల పనిలో క్రొత్తవానికి నేర్పవలసినది పాతవాడే. నేర్పుచున్నంతసేపు అతని పని ఆగిపోవును. కనుక ఆలస్యమైనపుడు చేయదగినది రెండే: తేదీని జరుపుట, లేదా హద్దును తగ్గించుట. ఏదైనను సమావేశములో బహిరంగముగా తీర్మానింపవలెను.

ఇంకొక మాట. పని వెనుకబడినదని మొదట తెలియునది దానిని చేయుచున్న ఉద్యోగికి. అతడు వచ్చి నిజము చెప్పినపుడు మనము కోపించినచో, రెండవమారు అతడు నిజము చెప్పడు. "అంతయు బాగుగనే యున్నది" అనును. ఆ మాట నమ్మి ఆరు నెలలు గడచిన పిమ్మట తెలిసిన నిజము ఎంతో ఖరీదైనది. ప్రతి పక్షమునకు ఒకమారు, "ఏమి పూర్తియైనది? ఏమి మిగిలినది? దేనివలన ఆగినది?" అని మూడే ప్రశ్నలు శాంతముగా అడిగి, సమాధానములు వ్రాసికొనుడు. అడ్డంకి పై కార్యాలయములో నున్నచో దానిని తొలగించుటకు పూనుకొనవలసినది సర్పంచియు, సభ్యులును.

పట్టికలో చోటులేని మనిషి

ఇంతవరకు కాలము, ధనము గురించి చెప్పితిమి. ఇప్పుడు చెప్పబోవునది మనుష్యుల గురించి.

మన ప్రాంతమున మిరప, పత్తి వేయువారిలో కౌలుదారులు అనేకులు. పెట్టుబడి కౌలుదారునిది, కష్టము అతనిది, పురుగు పడినచో నష్టము అతనిది. ఈ-పంట నమోదులో ఏ సర్వే నంబరులో ఏ పంట ఎవరు వేసిరో వ్రాయుదురు. పంట నష్టపు సాయమునకు, బీమాకు, కొనుగోలునకు ఆ నమోదే ఆధారమగుచు వచ్చినది. పట్టికలో భూయజమాని పేరునకు మాత్రమే చోటుండి, సాగు చేయువాని పేరునకు చోటులేనిచో, లేదా చోటుండియు నింపనిచో, కంప్యూటరు దృష్టిలో ఆ కౌలుదారుడు లేనేలేడు. 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల కాలమునకు పత్రము ఇచ్చు మార్గమును ఏర్పరచినది. అందుకు భూయజమాని సంతకము అవసరమని నిర్ణయించినది. సంతకము పెట్టుటకు కొందరు యజమానులు జంకుట మనకు తెలిసినదే. ఈ చిక్కును ఏ సాఫ్టువేరును విప్పలేదు. ఇరువురిని కూర్చుండబెట్టి, భూమి హక్కునకు భంగము లేదని నచ్చజెప్పి, సంతకము చేయించగలవారు గ్రామ పెద్దలే. ఇది పంచాయతీ సభ్యుడు చేయగల కంప్యూటరు పని.

అట్లే 2015లో మన రాష్ట్రపు చౌకధరల దుకాణములలో వేలిముద్ర యంత్రములు వచ్చినవి. దొంగ కార్డులను అరికట్టుటకు అవి తోడ్పడినవి. కాని వృద్ధుల వ్రేళ్ళు, ఏండ్ల తరబడి కూలిపని చేసి గీతలు అరిగిన వ్రేళ్ళు యంత్రమునకు తెలియక పోవుట గలదు. అట్టివారి కొరకు రెవెన్యూ ఉద్యోగి ధ్రువీకరణతో సరకు ఇచ్చు ప్రత్యామ్నాయమును ఏర్పరచిరి. ఏ పథకమునకైనను ఇట్టి రెండవ దారి ఉండవలెను. ఆ దారి ఉన్నదని యెరుగని ముసలమ్మకు అది లేనట్లే గనుక దానిని ఊరివారికి తెలుపుట మన విధి.

మరియొక ముఖ్య విషయము. ఈ-గ్రామస్వరాజ్ ద్వారా చెల్లింపులు చేయునపుడు బిల్లు తయారుచేయువారు ఒకరు, సరిచూచి ఆమోదించువారు మరియొకరు. ఇందుకై డిజిటల్ సంతకపు తాళములు ఇచ్చిరి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ప్రకారము డిజిటల్ సంతకము చేతి సంతకముతో సమానము. ఇద్దరి తాళములు ఒకరి సొరుగులోనే ఉన్నచో ఇద్దరి సరిచూపు అను నియమమునకు అర్థమే లేదు. సంతకము చేసిన ఖాళీ కాగితమును ఎవరికైనను ఇత్తుమా? సర్పంచులారా, ముఖ్యముగా క్రొత్తగా ఎన్నికైన సోదరీమణులారా, మీ తాళము మీ వద్దనే ఉంచుకొనుడు. చదివి చెప్పించుకొనుటలో చిన్నతనము లేదు. చదువక సంతకము చేయుటలో అపాయము గలదు.

గ్రామసభలో చదివి వినిపింపుడు

కంప్యూటరు లెక్కలోని తప్పును పట్టుకొనుటకు అన్నిటికంటె మంచి సాధనము గ్రామసభ. మన రాష్ట్రమున 2006లో ఉపాధి హామీ పనులు ప్రారంభమైనపుడు కూలీల మస్టరులు, చెల్లింపులు కంప్యూటరు ద్వారానే నడచినవి. ఆ సంవత్సరమే సామాజిక తనిఖీయు మొదలైనది. కంప్యూటరులో నున్న పేరులను, పనిదినములను, సొమ్మును ఊరివారి యెదుట బిగ్గరగా చదివిరి. "నేను ఆ పనికి పోలేదే", "నాకు ఆ సొమ్ము అందలేదే" అని కూలివారు లేచి చెప్పగలిగిరి. కాగితము కంటె కంప్యూటరు వేగముగా లెక్కించినది. ఆ లెక్క నిజమో కాదో ఊరు తేల్చినది. ఈ రెండును కలిసినపుడే పథకము సార్థకమైనది.

ఇంటిపన్ను జాబితాయైనను, పంట నమోదు జాబితాయైనను అచ్చువేసి గోడకు అంటించినంత మాత్రమున చాలదు. వార్డువారీగా చదివి వినిపింపుడు. అభ్యంతరములకు ఒక గడువు పెట్టుడు. వచ్చిన ప్రతి అభ్యంతరమునకు సమాధానము వ్రాయుడు. తప్పు దిద్దినపుడు ఎవరు, ఏ తేదీన, ఏ కారణముచే దిద్దిరో కంప్యూటరులో నిలిచియుండునట్లు అడుగుడు. తుడిపివేత కనబడని పుస్తకమును పూర్వము ఏ ఆడిటరును నమ్మలేదు, నేడును నమ్మరాదు.

సోదరులారా, మీ ఊరికి ఏ కంప్యూటరు పథకము వచ్చినను తీర్మానమునకు చేయెత్తుటకు ముందు ఈ ప్రశ్నలడుగుడు. దీనివలన ఎవరి కష్టము, ఎంత తగ్గును? బాధ్యుడెవరు? ఎప్పటికి పూర్తియగును, మజిలీలేవి? పాత లెక్కలను శుద్ధిచేయువారెవరు? వాడబోవువారిని అడిగితిరా? యంత్రము పనిచేయనినాడు దారి యేమి? వచ్చే ఏడు దీనిని కాపాడుటకు సొమ్మెక్కడిది? పట్టికలో చోటులేక మిగిలిపోవు మనిషి మన ఊరిలో ఎవరైనను ఉన్నారా?

ఈ ప్రశ్నలకు ఇంగ్లీషు చదువు అవసరములేదు, కంప్యూటరు విద్యయు అవసరములేదు. ఊరిని ఎరిగియుండుట చాలును. కడపటి ప్రశ్నకు సమాధానము మీకు తప్ప ఏ నిపుణునికిని తెలియదు. మీరు దానిని విడువక అడుగుదురని మా నమ్మకము.